ఊఁ

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ.
లోపల లక్ష టిక్కీల మిరప
ఆరు డిగ్రీల దుప్పటి కింద.
బయట మే నెల గుంటూరు,
రాత్రి ఎనిమిదికి కూడా ముప్పై ఎనిమిది.

ఆ గోడకి వేలంత కన్నం పెట్టి
నలభై తీగలు బయటికి లాగాం
నేనూ, నాగుల్ మీరా.
మొదటి రోజు తుమ్మాం.
రెండో రోజు దగ్గాం.
మూడో రోజుకి ఘాటే మాకు అలవాటు పడింది.

నలభై మూలలు. కొలిచే మీటరు ఒకటే.
మధ్యన ఈ స్కానర్,
ఒకరి తరవాత ఒకరిని లోపలికి పంపే
రిజిస్ట్రాఫీసు బంట్రోతు లాంటిది.

తీగ తోలు ఏడు మిల్లీమీటర్లే వలవాలి.
ఎక్కువ వలిస్తే పక్క తీగతో మాటలు పెట్టుకుంటుంది,
తక్కువైతే మర తోలునే కొరుకుతుంది, రాగి అందదు.
రాగి పైన, కాన్‌స్టాంటన్ కింద.
తిరగేశావో,
గది వేడెక్కేకొద్దీ చల్లబడుతున్నానని
నిబ్బరంగా చెబుతుంది.
మీదున్న జాలీ తొడుగుని ఒక్క కొసనే ఎర్త్‌కి కట్టు,
రెండు కొసలా కట్టావంటే
కంప్రెసర్ గొణుగుడంతా మీటరు నెత్తిన.

ఇవన్నీ నాగుల్ మీరాకి చెప్పాను.
అతను ఊఁ అనడు.
విన్నాడో లేదో తెలీదు.
పనయ్యాక చూస్తే తెలుస్తుంది, విన్నాడని.

ఎనభై మరలు బిగించాక
వెనక మిగిలినవి రెండే తీగలు, ట్రిగ్గర్‌వి.
ఇన్‌కి ఇన్, ఔట్‌కి ఔట్,
పేరుబలం చూసి పెళ్ళి చేసినట్టు
కట్టేశాను.

టిక్.
ఒకటో ఛానల్ తలుపు తెరుచుకుంది.
అంతే.
మీటరు చెబుతుందని స్కానరూ
స్కానర్ చెబుతుందని మీటరూ
పచ్చదీపాలేసుకుని, ఎంతో మర్యాదగా.
తెల్లారేదాకా ఉండగలవు అలాగే.
ఫ్యూజు మార్చాను. కేబుల్ మార్చాను.
మాన్యువల్ జిరాక్సులో సరిగ్గా ఆ పేజీ మీదే టీ మరక.

షెడ్డులో లారీ దింపుతున్నారు.
ముఠా మేస్త్రి సామేలు కొత్త కుర్రాడికి నేర్పుతున్నాడు:
"కిందోడు ఊఁ అన్నాకే పైనోడు చెయ్యి వదలాల.
ముందొదిలావా, ఆడి నడుం పోద్ది.
ఇద్దరూ ఒక్కసారే అరిస్తే ఇనేదెవడ్రా?"

స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక్కి వెళ్ళాను.
నోటికి నోరు కట్టాను నేను, చెవికి చెవి.
విప్పి,
దీని నోటిని దాని చెవికి
దాని నోటిని దీని చెవికి.
ఐదు వోల్టుల నుంచి సున్నాకి చిన్న జారుడు,
రెప్పపాటులో వందో వంతు.
తెరిచాను. ఊఁ.
కొలిచాను. ఊఁ.
టిక్, టిక్, టిక్,
నూనెలో ఆవాలు చిట్లినట్టు
నలభై దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి.

ఇక నెంబర్లు సరిచూడాలి.
నాగుల్ మీరా స్వెట్టరేసుకుని లోపలికెళ్ళాడు.
అడుగు మందం గోడ, ఫోను పలకదు.
అందుకని ఒప్పందం:
అతను తీగ కొస పిడికిట్లో పట్టుకుంటాడు,
ఇక్కడ అంకె లేస్తుంది,
నేను పైపు మీద ఒక దెబ్బ కొడితే
అతను తరవాతి మూలకి.

పదిహేడు: ఆరు, తొమ్మిది, పద్నాలుగు.
టంగ్.
పద్ధెనిమిది. టంగ్.
ఇరవైమూడు కదల్లేదు, వెతికితే ఇరవైనాలుగు వేడి.
చీటీలు నేనే తారుమారు అంటించాను. టంగ్.

ముప్పై ఒకటి దగ్గర
పదహారు, ఇరవై రెండు, ఇరవై ఎనిమిది,
మనిషి చెయ్యి ఇంత వేడిగా ఉంటుందా
అని చూస్తూ ఉండిపోయాను.
ముప్పై. ముప్పై ఒకటిన్నర.
అక్కడ చీకట్లో, టిక్కీల సందులో
కదలకుండా
నా దెబ్బ కోసం పిడికిలి బిగించుకుని

నాలిక కరుచుకుని పైపు మీద కొట్టాను.
కంగారులో రెండు దెబ్బలు పడ్డాయి.
ముప్పై ఒకటి చల్లబడడం మొదలెట్టింది.
ముప్పై రెండుని వదిలేసి
ముప్పై మూడు లేచింది.